పుదుప్పేటలో దొరికిన నాయుడు

ఈ సంచికకి ఒక గొప్ప వ్యక్తి జీవితం రాయమని క్లబ్ సీనియర్ అక్క నాకు అప్పజెప్పినప్పుడు నేను ఆలోచించకుండా విశ్వేశ్వరయ్య గారి పేరు చెప్పేశాను. ఎందుకంటే ఇంజనీర్స్ డేకి రాసిన స్పీచ్ ఒకటి నా ఫోన్లో రెడీగా ఉంది. అటూ ఇటూ కాస్త మార్చి పంపిస్తే పనైపోతుందనుకున్నాను. కానీ మధ్యలో సంక్రాంతి సెలవులొచ్చాయి. ఆ సెలవుల్లో మా మామ నన్ను చెన్నై పుదుప్పేటకి తీసుకుపోయాడు, అక్కడ నాకు వేరే మనిషి దొరికాడు. అక్కకి చెప్పకుండానే టాపిక్ మార్చేశాను, సారీ అక్కా. ఇంకో మాట, నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. ఒత్తులు తప్పితే ఎడిటర్లదే బాధ్యత.

విషయానికొస్తే, మా తాతకి ఒక అంబాసిడర్ ఉండేది. తెల్లది, మార్క్ టూ. చిత్తూరు నుంచి కాణిపాకం, తిరుమల, వేలూరు ఆస్పత్రి, ఎవరు పిలిస్తే అక్కడికి బాడుగకి తోలేవాడు. తాత పోయి నాలుగేళ్ళయింది. అప్పట్నుంచి ఆ కారు మా ఊర్లో చింతచెట్టు కింద అట్లనే నిలబడిపోయింది. దాని కింద కోళ్ళు పడుకుంటాయి. ఈ సంక్రాంతికి ఇల్లు శుభ్రం చేస్తూ నాన్న దాన్ని పాత ఇనుము వాళ్ళకి ఇచ్చేద్దామన్నాడు, బేరం కూడా అయిపోయింది. అవ్వ ఏమీ అనలేదు. కానీ ఆ రాత్రి అన్నం తినలేదు. పండక్కి వచ్చిన మామ (అమ్మ తమ్ముడు, చిత్తూర్లో మెకానిక్) బానెట్ ఎత్తి చూశాడు. ఇంజన్ పట్టుకుపోలేదు, డెల్కో పోయింది, కార్బరేటర్ నిండా చెత్త ఉంది, వచ్చే ఆదివారం దాకా ఆగు బావా అన్నాడు. నాన్న ఆగుతానన్నాడు గానీ పెద్దగా నమ్మకం లేదు. డెల్కో అంటే డిస్ట్రిబ్యూటర్ అని నాకు ఆరోజే తెలిసింది. ఏ సిలిండర్‌కి ఎప్పుడు కరెంట్ ఇవ్వాలో వంతులవారీగా పంచేది అదే. సీఎస్ఈ వాళ్ళ భాషలో చెప్పాలంటే షెడ్యూలర్.

శుక్రవారం తెల్లారుజామున చిత్తూర్లో బస్సెక్కాం. మామ చేతిలో ఒక గోనెసంచి, అందులో తాత ఎప్పుడో దాచిపెట్టిన ఫియట్ కార్బరేటర్ ఒకటి, రెండు పాత హెడ్‌లైట్లు. డబ్బు తక్కువ పడితే ఇవి ఇచ్చి అవి తెచ్చుకోవడానికి. శ్రీపెరుంబుదూరు దాటాక రోడ్డు పక్కన ఫ్యాక్టరీలో కొత్త కార్లు వరసగా, ఒకే కొలతలో, ప్లాస్టిక్ కవర్లు కూడా తీయకుండా నిలబెట్టి ఉన్నాయి. గంటన్నర తర్వాత మేం దిగిన చోట అవే కార్ల తాతలు ముక్కలు ముక్కలుగా ఉన్నాయి.

పుదుప్పేట ఎగ్మూరు పక్కనే, కూవం నది ఒడ్డున ఉంటుంది. ఊరంటే ఊరు కాదు, సందులు. ఆ సందుల్లో అడుగడుక్కీ ఒక కొట్టు. ఒక కొట్లో డోర్లు మాత్రమే, పుస్తకాల లాగా నిలబెట్టి ఉంటాయి. ఇంకో కొట్లో స్టీరింగులు, తోరణాలు కట్టినట్టు వేలాడుతుంటాయి. ఇంకోచోట గేర్‌బాక్సులు నేలమీద కుప్ప. నేల మొత్తం ఆయిల్ తాగి నల్లగా అయిపోయింది. చెప్పు జారితే పడేది గేర్లమీదే. బోర్డులుండవు, ధరలుండవు, లిస్టుండదు. మనకి కావాల్సింది ఎక్కడుందో మనుషుల తలకాయల్లో ఉంటుంది. మామ ఒక కొట్లో అడిగితే ఆయన లోపలికి కూడా చూడకుండా ఇంకో సందు పేరు చెప్పాడు. ఆ సందులో ఇంకొకాయన ఇంకో కొట్టు చూపించాడు. ఎండకి నాకు తల తిరుగుతోంది, మామ మాత్రం జాతరకొచ్చిన పిల్లోడిలా ఉన్నాడు. ప్రతిదీ చేత్తో పట్టుకుని, తిప్పి, వాసన చూసి పెడుతున్నాడు.

ఆరో కొట్లో డెల్కో దొరికింది. ఓనరు ముసలాయన. మా ఇద్దరి మాటలు విని తెలుగులోకి మారాడు. కోయంబత్తూరు వైపు తెలుగు, సగం అర్థమవుతుంది, సగం పాటలాగా వినిపిస్తుంది. ఫియట్ కార్బరేటర్ చూసి ఆయన కళ్ళు మెరిశాయి. అది తీసుకుని, పైన మూడొందలు తీసుకుని డెల్కో, కొత్త పాయింట్ సెట్టు ఇచ్చాడు. అది పొట్లం కడుతూ నన్ను ఏం చదువుతున్నావని అడిగాడు. ఇంజనీరింగ్ అన్నాను, కొంచెం గొప్పగానే. అయితే జి.డి. నాయుడు తెలుసుగా అన్నాడు. తెలీదన్నాను. ఆయన పొట్లం కట్టడం ఆపేసి నన్ను చూశాడు, తర్వాత మామని చూశాడు. ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది. కొట్లో మురుగన్ పటం పక్కన పేపర్లోంచి కత్తిరించి అంటించిన ఒక ఫోటో ఉంది. ఆయనే అట.

తిరిగొచ్చే బస్సులో సిగ్నల్ ఉన్నంతసేపూ చదివాను, ఇంటికొచ్చాక ఇంకా చదివాను.

జి.డి. నాయుడు అంటే గోపాలస్వామి దొరస్వామి నాయుడు. మన దగ్గర ముందున్న అక్షరం ఇంటిపేరు, తమిళనాడులో అది తండ్రి పేరు. 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో, తరాల కిందట అక్కడికెళ్ళి స్థిరపడ్డ తెలుగు రైతు కుటుంబంలో పుట్టాడు. పసితనంలోనే తల్లి పోయింది. బడి అస్సలు పడలేదు. పంతులు మీద ఇసక చల్లి పారిపోయాడన్న కథ ఆయన గురించి రాసే ప్రతివాళ్ళూ చెప్తారు. చదువు చిన్న తరగతుల్లోనే ఆగిపోయింది. పొలంపనికి పెట్టారు.

పదహారేళ్ళ వయసులో ఒక దొర మోటార్‌సైకిల్ మీద ఆ ఊరి దారిన వచ్చాడు. బ్రిటిష్ రెవెన్యూ అధికారి, బండి పేరు రడ్జ్. ఆ పల్లెలో ఎద్దులూ గుర్రాలూ లాగకుండా కదిలే బండిని జనం చూడటం దాదాపు అదే మొదలు. బండికి ఏదో ఇబ్బంది వచ్చి ఆ దొర దారిలో ఆపాడు. కుర్రాడు దగ్గరికెళ్ళి నిలబడి చూశాడు. ఊర్లో అందరూ చూసుంటారు, కానీ మిగతావాళ్ళు చూసి ఇంటికెళ్ళిపోయారు. ఇతను మాత్రం ఆ బండి నాకు కావాలి అనుకున్నాడు. ఎక్కి తిరగడానికి కాదు, లోపలేముందో చూడటానికి.

ఇల్లొదిలి కోయంబత్తూరు చేరి ఒక హోటల్లో సర్వర్‌గా చేరాడు. కొన్నేళ్ళు ప్లేట్లు మోసి డబ్బు కూడబెట్టాడు. ఆ దొరనే వెతుక్కుంటూ వెళ్ళి అదే బండిని 300 రూపాయలకి కొన్నాడు. అప్పట్లో 300 అంటే ఒక సర్వర్‌కి ఎంత పెద్ద మొత్తమో ఊహించుకోండి. మనమైతే కొన్న మొదటిరోజు ఫోటో తీసి స్టేటస్ పెట్టుకుంటాం. ఆయన బండిని మొత్తం ఊడదీసేశాడు. మళ్ళీ బిగించాడు. మాన్యువల్ లేదు, ఉన్నా అది చదివేంత ఇంగ్లీష్ లేదు. యూట్యూబ్ ఊసే లేదు. ఏ ముక్క ఎందుకుందో, అది లేకపోతే ఏమవుతుందో చూసుకుంటూ నేర్చుకున్నాడు. కాలేజీలో దీన్ని రివర్స్ ఇంజనీరింగ్ అని ఒక యూనిట్ కింద చెప్తారు. మేం ఆ యూనిట్‌కి ఐదు మార్కుల ప్రశ్న ఒకటి బట్టీపట్టాం.

అలా మెకానిక్ అయ్యాడు. కానీ కథ ఇక్కడినుంచి నేరుగా పైకెళ్ళలేదు, అందుకే నాకు నచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో తిరుప్పూరులో పత్తి వ్యాపారం పెట్టి బాగా సంపాదించాడు. ఆ డబ్బుతో బొంబాయి వెళ్ళి పత్తి మార్కెట్లో దిగి మొత్తం పోగొట్టుకున్నాడు. ఇది చదువుతుంటే ట్రేడింగ్ యాప్‌లో సెమిస్టర్ ఫీజు పోగొట్టిన ఒక ఫ్రెండ్ గుర్తొచ్చాడు. (పేరు చెప్పను, వాడు ఇది చదువుతాడు.) నాయుడు ఖాళీ చేతులతో తిరిగొచ్చి మళ్ళీ కూలికి చేరాడు.

అప్పుడు కోయంబత్తూరులో రాబర్ట్ స్టేన్స్ అనే బ్రిటిష్ వ్యాపారి ఉండేవాడు. ఈ కుర్రాడి పనితనం చూసి, బస్సు నడుపుకోమని డబ్బు సర్దాడు. 1920లో పొళ్ళాచ్చి నుంచి పళని దాకా ఆ బస్సు మొదలైంది. డ్రైవర్ నాయుడే. పళని అంటే మురుగన్ కొండ. యాత్రికులు ఏడాది పొడుగునా వస్తూనే ఉంటారు. తిరుపతివాళ్ళకి ఈ లెక్క వివరించక్కర్లేదు. మన కొండకి 1944లో మొదటి ఘాట్ రోడ్డు పడేదాకా జనం మెట్లెక్కో డోలీలోనో పోయారు. రోడ్డు పడ్డాక బస్సులొచ్చాయి, కార్లొచ్చాయి, ఆ వరసలోనే ఎప్పుడో మా తాతా వచ్చాడు. దేవుడి కొండ ఉన్న దారిలో బండి పెట్టినవాడు పస్తులుండడని తాత అనేవాడట, అవ్వ చెప్పింది.

ఆ ఒక్క బస్సు యూనివర్సల్ మోటార్ సర్వీస్ అయింది. 1933 నాటికి దాని కింద 280 బస్సులు తిరిగాయి. పదమూడేళ్ళలో ఒకటి నుంచి 280. దీని గురించి ఎక్కువ రాయను, ఎందుకంటే బిజినెస్ పెరగడం కంటే ఆ బిజినెస్‌లో వచ్చిన డబ్బుతో ఆయన ఏం చేశాడన్నదే నాకు ఆసక్తి. యూరప్ తిరిగాడు. అక్కడ కూడా ఆయన కళ్ళు మెషీన్ల మీదే. 1936లో లండన్‌లో ఐదో జార్జి చక్రవర్తి అంత్యక్రియలు జరిగితే కెమెరాతో తనే ఫిల్మ్ తీశాడు. పొలం పనులు వదిలి పారిపోయిన కలంగల్ పిల్లోడు చక్రవర్తి అంత్యక్రియల్ని షూట్ చేయడం ఏంటో, తలుచుకుంటే విచిత్రంగా ఉంటుంది. చిన్న మోటారు, బ్యాటరీలతో నడిచే ఒక రేజర్ తయారుచేశాడు, పేరు రసంత్. పల్చటి షేవింగ్ బ్లేళ్ళు, పళ్ళరసం తీసే మెషీన్, కిరోసిన్‌తో తిరిగే ఫ్యాను, మోసం చేయడానికి వీల్లేని ఓటింగ్ మెషీన్, ఇలా లిస్టు చాలా ఉంది. అదే రోజుల్లో ఎన్నికల్లో కూడా నిలబడ్డాడు. ఓడిపోయాడు. మెషీన్లు విన్నట్టు మనుషులు వినరు కదా.

నా దృష్టిలో వాటన్నిటికంటే పెద్దది 1937లో జరిగింది. డి. బాలసుందరంతో కలిసి కరెంట్ మోటారు తయారుచేశాడు. మన దేశంలో తయారైన మొదటి మోటారుగా దాన్నే చెప్తారు. ఆ బాలసుందరమే తర్వాత టెక్స్‌టూల్ అనే కంపెనీ పెట్టాడు. కోయంబత్తూరు ఇవాళ పంపుసెట్ల ఊరు. ఇది చదివాక నేను మా బోరు దగ్గరికెళ్ళి స్టార్టర్ పెట్టె పక్కనున్న రేకు తుడిచి చూశాను. కోయంబత్తూరు అనే ఉంది. మా ఊర్లో వేరుశెనక్కి, మామిడి మొక్కలకి వెయ్యి అడుగుల కిందనుంచి నీళ్ళు తోడేది ఆ ఊరి మోటార్లే. పుట్టినప్పట్నుంచి చూస్తున్నా, ఒక్కసారి కూడా చదవలేదు.

ఇక మనకి సంబంధించిన భాగం. 1945లో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పాలిటెక్నిక్, దాంతోపాటు ఇంజనీరింగ్ కాలేజీ రావడానికి ఆయనే ముందు నిలబడ్డాడు. ఆర్థర్ హోప్ అంటే అప్పటి మద్రాసు గవర్నరు. ప్రైమరీ దాటని మనిషి ఆ కాలేజీకి మొదటి ప్రిన్సిపాల్. ఆయన పాఠాలన్నీ చూసి, నాలుగేళ్ళు అనవసరం, ఇదంతా రెండేళ్ళలో నేర్పొచ్చు అన్నాడు. కోర్సులు మార్చాలన్నాడు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన రాజీనామా చేసి వెళ్ళిపోయాడు. ఆ కాలేజీయే తర్వాత కోయంబత్తూరు గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ అయింది. ఇప్పటికీ అక్కడా నాలుగేళ్ళే, ఇక్కడా నాలుగేళ్ళే.

ఈ ముక్క హాస్టల్ వాట్సాప్ గ్రూప్‌లో పెడితే అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ ముందు కొట్టాను. తర్వాత ఆలోచిస్తే అంత సులువుగా అనిపించలేదు. రెండేళ్ళు చాలన్నది చేత్తో పనిచేసే వాళ్ళని చూసి. నేను మూడు సెమిస్టర్లు పూర్తిచేశాను, ఇప్పటిదాకా ఒక్క స్క్రూ విప్పలేదు. నాకు రెండేళ్ళిచ్చినా పదేళ్ళిచ్చినా అదే తేలేది. ఇంకోటి, ఆయన బుర్ర ఉన్నవాళ్ళకి రెండేళ్ళు చాలు, సరే. అందరికీ ఆ బుర్ర ఉండదు కదా. ఈ విషయంలో మాత్రం ప్రభుత్వం పూర్తిగా తప్పని నేననను.

కానీ ఇంకో విషయంలో అంటాను. 1941లోనే ఐదు వాల్వుల రేడియోని 70 రూపాయలకి చేసివ్వగలనని చెప్పాడు. 1952లో ఇద్దరు కూర్చునే పెట్రోల్ కారు చేశాడు, ధర 2,000 రూపాయలు. స్వతంత్రం వచ్చి అప్పటికి ఐదేళ్ళే. లైసెన్స్ రాలేదు. కారు ఆగిపోయింది. ఒకవేళ వచ్చుంటే మా తాత బాడుగ బండి ఏదై ఉండేదో అనుకున్నాను. అంబాసిడర్ కూడా పూర్తిగా మనది కాదుగా, ఇంగ్లాండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌కి మన పేరు పెట్టుకున్నది. ఆయనకి పన్నుల మీద, ఆఫీసుల మీద కోపం ఎంత ముదిరిందంటే తను చేసిన వస్తువుల్ని జనం ముందే పెట్టి పగలగొట్టేశాడు. ఆ భాగం చదువుతున్నప్పుడు పుదుప్పేటే కళ్ళముందు కనిపించింది. అక్కడి ముక్కలు వాడి వాడి అరిగినవి, ఎవరో ఒకరు మళ్ళీ కొనుక్కుపోతారు. ఇవి ఎవరూ వాడకముందే ముక్కలైపోయాయి. నిరసనే కావచ్చు, నాకు మాత్రం బాధేసింది. ఒక్కటైనా మిగిల్చి ఉండాల్సింది.

మిగతాది త్వరగా చెప్పేస్తా. పత్తి, బొప్పాయి లాంటి పంటల మీద ప్రయోగాలు చేశాడు. 1967లో పొద్దున పునాది మొదలుపెట్టి సాయంత్రం ఐదుకల్లా ఇల్లు పూర్తిచేసి చూపించాడు. 1974 జనవరి 4న చనిపోయాడు, ఎనభై ఏళ్ళ వయసులో. కోయంబత్తూరు అవినాశి రోడ్డులో ఆయన పేరుతో మ్యూజియం ఉంది. 2015లో పాత కార్లకి కూడా ప్రత్యేకంగా ఒకటి తెరిచారు. చూడాలని ఉంది. పరీక్షలయ్యాక ఎవరైనా వస్తామంటే చెప్పండి, తిరుపతి నుంచి రైళ్ళున్నాయి.

శనివారం పొద్దున మామ నాకు ఒక స్పానర్ ఇచ్చి, కార్బరేటర్ నువ్వే విప్పు అన్నాడు. ఒక్కో ముక్క తీసేముందు ఫోన్లో ఫోటో తీసుకున్నాను, మొత్తం 64 ఫోటోలు. జెట్లలో గట్టిపడ్డ పెట్రోల్ జిగురుని సన్నతీగతో పొడిచి, పెట్రోల్‌లో కడిగి, మళ్ళీ బిగించాను. బిగించాక ఒక వాషర్ మిగిలింది. మామ నవ్వలేదు. మళ్ళీ మొత్తం విప్పమన్నాడు. 41వ ఫోటోలో అది ఎక్కడిదో దొరికింది. రడ్జ్ బండి ముందు కూర్చున్న ఆ కుర్రాడికి ఎన్ని వాషర్లు మిగిలి ఉంటాయో అనుకున్నాను.

ఆదివారం కొత్త డెల్కో బిగించి, పాయింట్ గ్యాప్ సరిచేసి, ట్రాక్టర్ బ్యాటరీ తగిలించాం. సెల్ఫ్ తిరగలేదు. మామ డిక్కీలోంచి హ్యాండిల్ తీశాడు. ముందు బంపర్ రంధ్రంలో దూర్చి తిప్పాలి. బొటనవేలు హ్యాండిల్ చుట్టూ వేయకు, వెనక్కి కొడితే విరుగుతుంది అని చెప్పి నా చేతికిచ్చాడు. పదోసారికో పదకొండోసారికో దగ్గింది. తర్వాత ఇంకోసారి దగ్గి, పట్టుకుంది. నల్లపొగ, కోళ్ళన్నీ పరుగో పరుగు. అరనిమిషం కూడా తిరగలేదనుకుంటా, ఆగిపోయింది.

అప్పటికే అవ్వ చెట్టుకిందకి వచ్చేసింది. కొంగుతో అద్దం తుడవడం మొదలుపెట్టింది. నాన్న గడపలో నిలబడి చూశాడు, తర్వాత ఫోన్ తీసి పాత ఇనుము వాళ్ళకి చేసి, ఈ వారం రావద్దన్నాడు. ఈ వారం అనే అన్నాడు. మామ అప్పటికే మళ్ళీ బానెట్ కిందకి దూరి, పెట్రోల్ పంపు కూడా మార్చాలంటున్నాడు. మాఘమాసం పెళ్ళిళ్ళ సీజన్ అయ్యాక మళ్ళీ పుదుప్పేట పోవాలి. గోనెసంచిలో ఇంకా రెండు హెడ్‌లైట్లున్నాయి.